సంతమూల

మన బడి వెనక, ఇప్పుడు వంటషెడ్డుకీ ప్రహరీకీ నడుమ మిగిలిన జాగాని మా బ్యాచి పిల్లలం ‘సంతమూల’ అనేవాళ్ళం. 1987లో నేను మూడో తరగతి. అప్పటికి ప్రహరీ లేదు, షెడ్డూ లేదు. రెండు ఎర్రచందనం మాన్లు, ఒక కానగమాను, వాటి వెనక శేషాచలం కొండ, అంతే.

శివరాత్రికి కాస్త అటూ ఇటూగా ఎర్రచందనం కాయలు ఎండి రాలేవి. గుండ్రంగా, పల్చగా, చుట్టూ కాగితంలాంటి రెక్క, నడిమధ్య గింజ ఉన్నచోట చిన్న ఉబ్బు. గాలి తోలితే కాయ మాను కిందే పడకుండా జారుతూ ఊగుతూ దూరం పోయేది. ఈ మాను సొంతగడ్డ మన తూర్పు కనుమల దక్షిణపు కొనే అని తర్వాతెప్పుడో చదువుకున్నాను. అప్పుడు మాత్రం ఆ కాయ మాకు డబ్బు. పది కాయలిస్తే ఒక మట్టి ఎద్దు, ఐదిస్తే కొబ్బరాకు బూర, రెండిస్తే గుప్పెడు చింతపిక్కలు. ఎద్దులు చేసేవాడికి గిరాకీ పెరిగి, వాడు ధర పెంచాడు. కాయలు లేనివాళ్ళు ఊరుకోలేదు, కానగ పువ్వులు పోగేసి ‘బియ్యం’ అని అమ్మారు. వారం తిరిగేసరికి అవే కాయలు బండి చక్రాలయ్యాయి. ఎండాకాలం సెలవుల్లో తిరుపతి గంగజాతర చూసొచ్చాక, డబ్బాల్లో దాచుకున్న కాయలన్నీ దారానికి ఎక్కి మాతంగి వేషానికి నగలయ్యాయి. ఆ నగలకి మైనం పూసి మెరిపించాలని ఎవరికి తోచిందో ఇప్పుడు గుర్తు లేదు.

శనివారం మధ్యాహ్నాలు మమ్మల్ని అక్కడికి వదిలింది మా మూడో తరగతి అయ్యవారు. ఆయన కానగమాను నీడలో కూర్చుని హాజరుపట్టీ సరిచూసుకునేవారు. ‘ఏం చెయ్యాలి సార్?’ అని అడిగితే, ‘నాకేం తెలుసమ్మా, నువ్వే చూడు’ అనేవారు. నిజంగానే ఆయనకి తెలీదనుకుని జాలిపడేదాన్ని. ఆ మాట అనడానికి ఎంత ఓర్పు కావాలో నేను టీచరునయ్యాకే అర్థమైంది. పిల్ల చేతిలో పుల్ల చూడగానే ‘ఇదిగో, ఇట్లా ఇల్లు కట్టు’ అని నోటిదాకా వస్తుంది.

అలాగని ఆయన పట్టించుకోని మనిషి కాదు. రెండు కట్టుబాట్లు పెట్టారు. గురివింద గింజ ఎంత ఎర్రగా ఉన్నా నోట్లో పెట్టకూడదు, అది విషం. రాయిని ఎత్తాలంటే అవతలి అంచు పట్టి మన వైపుకి లేపాలి. అప్పుడు కింద తేలున్నా, దాని దారి అవతలికే ఉంటుంది, మధ్యలో రాయి అడ్డం. ఈ రెండోది మా అమ్మాయికి కూడా నేర్పాను.

వానలు తగ్గి స్వర్ణముఖి సన్నబడ్డాక ఏటికి తీసుకెళ్ళేవారు. ఇసకలో చెలమ తవ్వడం, దాని నీళ్ళు కాలవ తీసి మళ్ళించడం, ‘కల్యాణి డ్యాం’ కట్టడం. కట్ట తెగేది. మళ్ళీ కట్టేవాళ్ళం, మళ్ళీ తెగేది. మూడోసారి ఒకమ్మాయి ఇసక పొరల నడుమ గడ్డి పరిచింది. అది నిలబడింది. ఆ సాయంత్రం మేమంతా ఆ పిల్ల వెనకే నడిచి ఇంటికొచ్చాం.

సైమన్ నికల్సన్ అనే ఆంగ్లేయుడు 1971లో ‘లూజ్ పార్ట్స్’ అని ఒక ఆలోచన చెప్పాడు. చుట్టూ కదిపే, కలిపే, మార్చే వస్తువులు ఎన్ని రకాలుంటే మనిషిలో అంత కొత్త ఊహ పుట్టే వీలుంటుందని దాని సారం. శిక్షణ తరగతిలో అది వింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జారుడుబల్ల ఎప్పుడూ జారుడుబల్లే. ఎర్రచందనం కాయ పావలా, చక్రం, నగ.

నేనిప్పుడు చిత్తూరులో చిన్నపిల్లలకి చెబుతున్నాను. పోయినేడు ఒక సంచెడు కాయలు, గులకరాళ్ళు, కొబ్బరి ఈనెలు వరండాలో పోసి పక్కకి తప్పుకున్నాను. మొదట చాలాసేపు ఒకటే ప్రశ్న: ‘మిస్, ఏం చెయ్యాలి?’ ఇద్దరు ఏడుపు మొహం పెట్టారు. నాలుక కొరుక్కుని ఊరుకున్నాను. నాలుగో రోజుకి వరండాలో ఒక బస్టాండు లేచింది. కాయలే టికెట్లు. చిల్లర లేదని ప్రయాణికులతో గొడవపడుతున్న కండక్టరు, అంతకు ముందు వరకూ క్లాసులో నోరు విప్పని పిల్ల.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన పూర్వవిద్యార్థుల సంఘం ఈ ఏడు బడికి ఇవ్వదలచిన వాటిలో వెనక జాగా అంతా సిమెంటు బిళ్ళలు పరిచి, ప్లాస్టిక్ ఆటసామాను బిగించడం ఉంది. మంచి మనసుతో అనుకున్నదే, నాకు తెలుసు. కానీ ఆ మూల రెండు సెంట్లు మట్టిగానే వదలండి. మాన్ల మొదళ్ళ చుట్టూ అరుగు కట్టకండి. ఒక ట్రాక్టరు ఎర్రమట్టి, నీళ్ళకి ఒక కొళాయి, వాటి ఖర్చు నాది. పిల్లలు మురికి చేసుకొస్తే అమ్మలు తిడతారని ఒకరన్నారు. కొళాయి అందుకే.

పని మొదలుపెట్టకముందు మాఘమాసంలో ఒక శనివారం, కాయలు రాలే రోజుల్లో, ఆ మాన్ల కిందికి వచ్చి చూడండి. మా పిల్లల కోసం ఒక సంచి ఏరుకోడానికి ఎలాగూ నేను వస్తాను.