చీర మీద ధర చీటీ

“చీటీ మీద 850 అని ఉంది కదండీ!” అని ఈ సాయంత్రం విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక దుకాణంలో అమ్మ గట్టిగానే అడిగింది. ఆ చీటీ పొరపాటున అంటించినదనీ, చీర ధర 1,850 రూపాయలనీ యజమాని అన్నారు.

అమ్మ పక్షాన మాట్లాడబోయి ఆగిపోయాను. కాంట్రాక్టు న్యాయంలో ధర చీటీతో వస్తువును ప్రదర్శించడం ప్రతిపాదన కాదు, ప్రతిపాదనకు ఆహ్వానం మాత్రమే. కొంటానని ముందుకొచ్చిన అమ్మే ప్రతిపాదకురాలు, అంగీకరించవలసింది యజమాని. ఇంగ్లండులో బూట్స్ అనే మందుల దుకాణాల సంస్థ మీద నడిచిన 1953 నాటి కేసు తేల్చిందీ ఇదే. ఇన్నాళ్లూ దీనిని పరీక్ష ప్రశ్నగానే చదివాను.

“మరి ఆ చీటీ నమ్మి లోపలికొచ్చిన మనిషి మాటేమిటి?” అంది అమ్మ. న్యాయమైన ప్రశ్న. ఇంటికి రాగానే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తెరిచి కూర్చున్నాను.