జ్యూరీ ప్రశ్న దగ్గర నేను బోల్తా పడ్డాను

జూనియర్ సివిల్ జడ్జి మెయిన్స్ రాసి వైవాకు చదువుతున్న రోజులవి. సాయంత్రం క్లయింట్లు వెళ్లిపోయాక మా సీనియర్ గారు నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవారు. ఒకరోజు, "ఏమయ్యా, మన దేశంలో ముద్దాయి నాకు జ్యూరీ కావాలని అడగొచ్చా?" అన్నారు. జ్యూరీ అంటే కేసు విని ముద్దాయి దోషో కాదో తేల్చే మామూలు పౌరుల బృందం. నేను గడగడా నానావతి కేసు, అంటే భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నౌకాదళ అధికారి కేసు అప్పజెప్పాను. 1959లో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంది, దాంతో జ్యూరీ పద్ధతి పోయింది అని. కోచింగ్ నోట్సులో అలాగే ఉంది మరి.

"దాంతో అంటే?" అన్నారాయన. నా దగ్గర సమాధానం లేదు.

ఆ రాత్రి 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తిరగేశాను. 269వ సెక్షన్ ప్రకారం ఏ జిల్లాలో, ఏ నేరాలకు జ్యూరీ ఉండాలో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. కావాలంటే దాన్ని వెనక్కీ తీసుకుంటుంది. అంటే అది ముద్దాయి హక్కు కాదు, సర్కారు దయ! జ్యూరీ మాట నచ్చకపోతే జడ్జి అదే కోడ్ 307వ సెక్షన్ కింద కేసును హైకోర్టుకు పంపొచ్చు. నానావతి విషయంలో జరిగిందదే. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఇక రద్దు మాటకొస్తే, ఆ కాల్పులకు ముందే, 1958లోనే లా కమిషన్ 14వ నివేదిక జ్యూరీ వద్దని చెప్పింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన కొత్త కోడ్‌లో దానికి చోటే దక్కలేదు. అదే అమెరికాలో అయితే జ్యూరీ హక్కు రాజ్యాంగం 6వ సవరణలోనే ఉంది. మామూలు చట్టంతో తీసేయడం కుదరదు.

అప్పట్నుంచి నోట్సులో ప్రతి అంశం పక్కన 'రా' అనో 'చ' అనో రాసుకోవడం మొదలుపెట్టాను. రాజ్యాంగంలో ఉందా, చట్టంలో ఉందా అని. జ్యూరీకి 'చ' పడింది. జడ్జీల నియామకాలకు 'రా'.

దాంతో 233వ అధికరణం బట్టీ కొట్టాల్సిన పని తప్పింది. జిల్లా జడ్జిని గవర్నర్ హైకోర్టును సంప్రదించి నియమించాలి. సర్వీసులో లేనివాళ్లకైతే 7 ఏళ్ల ప్రాక్టీసు, హైకోర్టు సిఫారసు ఉండాలి. ఉత్తరప్రదేశ్ తన రూల్స్‌తో ఎగ్జిక్యూటివ్ వైపు, అంటే పాలనా విభాగంలో పనిచేసే అధికారులకూ ఈ దారి తెరిస్తే, 1966లో చంద్రమోహన్ కేసులో సుప్రీంకోర్టు ఆ రూల్స్ కొట్టేసింది. అప్పటికే జరిగిపోయిన నియామకాలను కాపాడుకోవడానికి ఏకంగా రాజ్యాంగాన్నే సవరించి 233ఎ పెట్టాల్సి వచ్చింది. రూల్స్ స్థాయి ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. పై కోర్టుల నియామకాల దగ్గరైతే సవరణ కూడా నిలవలేదు. ఆ సవరణతో పెట్టిన జడ్జీల నియామక కమిషన్ ఎన్‌జేఏసీని 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది, సీనియర్ జడ్జీలే జడ్జీలను ఎంపిక చేసే కొలీజియం తిరిగొచ్చింది.

ఒక హెచ్చరిక. పాత గైడ్లలో 2020 నాటి ధీరజ్ మోర్ తీర్పే ఉంటుంది, సర్వీసులో ఉన్న జడ్జీలు బార్ కోటాకు, అంటే జిల్లా జడ్జి పోస్టుల్లో లాయర్లకు కేటాయించిన వాటికి పనికిరారని. 2025 అక్టోబరు 9న రెజనీష్ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి దాన్ని తిరగరాసింది. లాయరుగా, జడ్జిగా కలిపి 7 ఏళ్లుంటే చాలు. ఒక మాక్ టెస్టులో పాతదే రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

తీరా వైవాలో జ్యూరీ ఊసే ఎవరూ ఎత్తలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో తాత్కాలిక ఇంజంక్షన్ల గురించి చెప్పే ఆర్డర్ 39 మీద ఇరవై నిమిషాలు నలిపేశారు.