నా అనుభవం: ఒక్క లైను దిద్దబోయి మాన్యువల్ మొత్తం నెత్తికెత్తుకున్నాను

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసుకునేది నేనే. మిర్చి టిక్కీలు (బస్తాలు) ఏ రైతువి, ఏ లాటు, ఏ ఛాంబర్లో ఏ వరసలో ఉన్నాయన్న లెక్కంతా ఒక ఓపెన్ సోర్స్ స్టాక్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాం, అంటే దాని కోడూ మాన్యువలూ ఎవరైనా చూసి మార్పులు సూచించొచ్చు. పేరెందుకులెండి. ఉచితమని మా ఓనరుగారు వెంటనే ఒప్పుకున్నారు. దాన్ని ఎక్కించడానికి మాత్రం నాకు రెండు రాత్రులు పట్టింది. ఇన్‌స్టలేషన్ పేజీలో ఉన్న కమాండ్లన్నీ వరసగా కొట్టినా చివరికి డేటాబేస్ ఎర్రరే. తెల్లారి డ్యూటీకి వచ్చిన గుమస్తా బాబాయి, "ఏందబ్బాయ్, ఇంకా దాంతోనే కూర్చున్నావా?" అన్నాడు.

తీరా చూస్తే, నమూనా సెట్టింగ్స్ ఫైలును కాపీ చేసి పేరు మార్చుకోవాలట. ఆ ముక్క పేజీలో ఎక్కడా లేదు. కోడ్ రాసేవాళ్ల మెషీన్లలో ఆ ఫైలు ఎప్పటినుంచో పడి ఉంటుంది కాబట్టి వాళ్లకు తట్టదు. మొదటిసారి ఎక్కించేవాడికే ఆ గొయ్యి కనపడుతుంది, అదీ కొన్నాళ్లే. వారం పోతే నేనూ మర్చిపోతాను. అందుకే ఇంటికి వెళ్లకముందే కూర్చుని రాశాను.

ఆ ప్రాజెక్టు కోడూ మాన్యువలూ ఉండేది గిట్‌హబ్ అనే సైటులో. అక్కడ ఫైలు తెరిస్తే పైన పెన్సిల్ గుర్తు ఉంటుంది. అది నొక్కితే చాలు, ప్రాజెక్టు కాపీ ఒకటి మన ఖాతాలోకి ఫోర్క్ అవుతుంది. అక్కడ మార్చి పుల్ రిక్వెస్ట్, అంటే 'నా మార్పు కలుపుకోండి' అన్న విన్నపం, పంపడమే. మార్పుల చరిత్ర దాచే గిట్ అనే పనిముట్టు కమాండ్ ఒక్కటి కూడా రానక్కర్లేదు. నేను ఆ ఒక్క లైనుతో ఆగి ఉంటే బాగుండేది. చేయి తిరిగింది కదా అని స్పెల్లింగులు, హెడ్డింగులు, ఖాళీలు అన్నీ సర్ది మొత్తం 11 ఫైళ్లు పంపాను. ప్రాజెక్టు చూసే ఆవిడ నుంచి జవాబు వచ్చింది: ఒక రిక్వెస్టుకు ఒకటే విషయం, దయచేసి విడగొట్టండి. కొంచెం మనసు చివుక్కుమంది. తర్వాత నేనే ఆ మార్పుల పేజీ తెరిచి చూసుకుంటే, ఎరుపు, ఆకుపచ్చ లైన్ల మధ్య నా అసలు లైను నాకే దొరకలేదు.

విడగొట్టి పంపితే ఈసారి ఆటోమేటిక్ చెక్ ఫెయిలైంది. వాళ్ల డాక్యుమెంటేషన్, అంటే ఆ మాన్యువల్, మామూలు టెక్స్టు ఫైళ్లను వెబ్ పేజీలుగా మార్చే స్ఫింక్స్‌తో తయారవుతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మాన్యువల్ కోసం పుట్టి 2008లో బయటికొచ్చిన పనిముట్టు అది. అందులో హెడ్డింగు కింద సమానం గుర్తులతో గీత గీయాలి. ఆ గీత కనీసం హెడ్డింగు అంత పొడవుండాలి. నేను హెడ్డింగుకి రెండు మాటలు చేర్చి గీతను అలాగే వదిలేశాను. 'టైటిల్ అండర్‌లైన్ టూ షార్ట్' అని వార్నింగు. ఇక్కడ వార్నింగునే ఎర్రరుగా లెక్కేస్తారు. ఆ రోజు నుంచి పేజీలు తయారుచేసే 'మేక్ హెచ్‌టీఎంఎల్' కమాండ్ సొంత మెషీన్లో కొట్టి, పేజీ బ్రౌజర్లో చూసుకోకుండా పంపడం మానేశాను. ఐదో రోజున నా మార్పును ప్రాజెక్టులో కలిపారు.

అసలు టెన్షన్ తర్వాతి రిక్వెస్టుతో వచ్చింది. లాటు విడగొట్టే పద్ధతి చూపిద్దామని స్క్రీన్‌షాట్ పెట్టాను. అందులో మా రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి! ఆవిడే కనిపెట్టి చెప్పారు. వెంటనే బొమ్మ తీసేస్తూ ఇంకో కమిట్ (గిట్‌లో దాచిన ఒక మార్పు) పంపి హమ్మయ్య అనుకున్నాను. గిట్‌లో అలా పోదు. ఈ కమిట్‌లో తీసేసినా పాత కమిట్‌లో ఆ బొమ్మ చక్కగా ఉంటుంది. చరిత్ర తిరగరాసి, ఫోర్స్ పుష్ చేసి (పాత చరిత్ర మీద కొత్తది బలవంతంగా ఎక్కించి), అయినా పాత లింకుతో తెరుచుకునే వీలుంటుంది కాబట్టి గిట్‌హబ్ సపోర్టుకి కూడా రాయాల్సి వచ్చింది. ఇప్పుడు ఉత్తుత్తి పేర్లతో ఒక డేటాబేస్ వేరే పెట్టుకున్నాను, బొమ్మలన్నీ అందులోంచే.

ఈలోగా మాన్యువల్ సర్దే పని నా మీద పడింది. ఇన్‌స్టలేషన్ గురించి మూడు పేజీలు మూడు రకాలుగా చెప్తున్నాయి. డయాటాక్సిస్ అనే పద్ధతి ఒకటుంది, డానియేలే ప్రోచిదా అనే ఆయన పెట్టింది. డాక్యుమెంటేషన్‌ని నాలుగుగా చూడమంటుంది. చదివితే పుస్తకాల మాటలా అనిపించింది, మా ఆఫీసులో పెట్టి చూసుకుంటే తెలిసొచ్చింది. కొత్త కుర్రాడిని మొదటి రోజు పక్కన కూర్చోబెట్టుకుని ఒక లాటు ఎక్కించడం నేర్పుతాం, అది ట్యుటోరియల్. పని తెలిసిన బాబాయి వచ్చి, "200 టిక్కీల్లో 60 వేరే పార్టీకి మార్చాలి, ఎట్లా?" అంటాడు. ఆయనకి కావాల్సింది నాలుగు మెట్లే, అది హౌ-టు. గోడకు అంటించిన కోడ్ల కాగితం రిఫరెన్స్. ముందొచ్చిన సరుకు ముందే ఎందుకు పంపాలన్నది తీరిగ్గా చెప్పుకునే వివరణ. ఆ పాత పేజీల్లో ఈ నాలుగూ కలిసిపోయి ఉన్నాయి. బాబాయి అడిగిన నాలుగు మెట్ల కోసం సాఫ్ట్‌వేర్ పుట్టుపూర్వోత్తరాలు దాటుకుంటూ రావాలి.

నిజం చెప్పాలంటే రాసిందానికంటే తీసేసిందే ఎక్కువ. మూడు ఇన్‌స్టలేషన్ పేజీల్లో రెండు ఎత్తేశాను. అయితే పేజీ జరిపితే పాత లింకులు చస్తాయి. ఎవరో ఎక్కడో దాచుకుని ఉంటారు, కాబట్టి ప్రతి పాత చిరునామాకీ కొత్త పేజీకి తీసుకెళ్లే రీడైరెక్ట్ పెట్టాలి. విషయసూచికలో చేర్చడం మర్చిపోతే ఆ పేజీ ఉన్నా ఎవరికీ కనపడదు, దానికీ స్ఫింక్స్ వార్నింగు ఇస్తుంది. బయటి లింకులు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి 'మేక్ లింక్‌చెక్' అనే కమాండ్ ఉంది. ఈ మూడూ ఆవిడ చెప్పినవే. కోడ్ గురించి ఎంత ముక్తసరిగా మాట్లాడతారో ఇలాంటివాటి గురించి అంత ఓపిగ్గా చెప్తారు.

లాటు విడగొట్టే పేజీ ఇంకా రివ్యూలోనే ఉంది. మొన్న దాన్ని ప్రింటు తీసి బాబాయి చేతిలో పెట్టి, నేను నోరెత్తకుండా పక్కన నిలబడ్డాను. మూడో మెట్టు దగ్గర ఆగి, "సేవ్ నొక్కమంటివి, ఇక్కడ అప్‌డేట్ అని ఉందేంది?" అన్నాడు. అది దిద్ది పంపాలి. యార్డుకి కొత్త కాయ రావడం మొదలైంది. లోడ్లు దిగే ముందే పంపకపోతే ఇక ఎండాకాలం దాకా తీరదు.