మడికొండ నుంచి పంపిన సవరణ

మా సంస్థలో బిల్లులు ముద్రించే కోడ్ పుణె జట్టుది. వాళ్ల వైపు బిల్లులన్నీ ఇంగ్లిషులోనే వెళ్తాయి. తెలుగు బిల్లులు అందుకునే దుకాణదారులు నర్సంపేట, పరకాల, జనగామల్లో ఉంటారు. లక్ష్మి అన్న పేరులో ఒత్తులు విడిపోయి అక్షరాలు పొల్లులతో పక్కపక్కన పడేవి. తన పేరు అలా అచ్చయితే ఎవరికైనా కష్టంగా ఉండదా? ఫిర్యాదులు వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కులో ఉన్న మాకు వచ్చేవి. మేం పుణెకు టికెట్ పెట్టేవాళ్లం, అంటే సరిచేయమని వాళ్ల జాబితాలో నమోదు చేసేవాళ్లం. అది వాళ్ల పనుల వరుసలో అడుగున పడి ఉండేది.

అందుకే ఇన్నర్‌సోర్స్ పద్ధతికి మారదామని పట్టుబట్టాను. ఎవరైనా కోడ్ చదివి సవరణలు రాసి పంపగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిచే తీరును సంస్థ లోపల పాటించడమే ఇది. సాంకేతిక పుస్తకాల ప్రచురణకర్త టిమ్ ఓరైలీ 2000లోనే దీన్ని ప్రతిపాదించారు. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్‌లో ఉండగా డనీస్ కూపర్ 2015లో ఇన్నర్‌సోర్స్ కామన్స్ అనే బృందాన్ని ప్రారంభించారు. పలు సంస్థల అనుభవాలు అక్కడ అందరికీ దొరుకుతాయి.

కోడ్ చూసేందుకు అనుమతి తేలికగానే వచ్చింది. అసలు చిక్కు భయం. "మీరు రాసింది చెడిపోతే అర్ధరాత్రి లేవాల్సింది మేమే కదా?" అని పుణె వాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు 30 రోజుల వారంటీ: సవరణ వాడకంలోకి వెళ్లాక 30 రోజుల వరకు అందులో బయటపడే లోపాలను పంపిన జట్టే దిద్దాలి. అది రాసిచ్చాక వాళ్ల మాటలో బిగువు తగ్గింది.

సవరణ రాసింది మా జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి. అక్షరాలను విడివిడిగా పేర్చే పాత భాగం తీసేసి, ఆ పనిని అక్షరాలను ఒత్తులతో సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీకి (సిద్ధంగా ఉన్న కోడ్‌కు) అప్పగించింది. ఆ సవరణను చేర్చుకోమని కోరే పుల్ రిక్వెస్ట్‌ను పుణెకు పంపింది. అక్కడ సమీక్ష చేసే ఆయన ఫోనులో మాట్లాడదామంటే, "సార్, పుల్ రిక్వెస్ట్ కిందే రాయండి, మిగతా జట్లూ చదువుతాయి" అంది. ఎంత సంతోషించానో! ప్రధాన కార్యాలయం వరండాలో తేలిపోయే నిర్ణయాలు మడికొండకు చేరవు. రాతలో ఉంటేనే మాకు వాటిలో వాటా. కన్నడ బిల్లులు చూసే జట్టు ఆ చర్చ చదివే తన పరీక్షలను కూడా జోడించింది.

ఇతర జట్ల కోడ్ సమీక్షించే గంటలను వార్షిక మదింపులో లెక్కించాలని ఇప్పుడు అడుగుతున్నాను. మా మేనేజర్ ఒప్పుకున్నారు. పుణె నుంచి జవాబు రావాల్సి ఉంది.