తొమ్మిదితో భాగించిన కాగితం

అమ్మ దగ్గు సద్దుమణిగి నిద్రపోయింది. రేపు నెలాఖరు కనుక నేనూ పడుకోవలసిన వేళే. అయినా మధ్యాహ్నం వచ్చిన ఫోన్ మనసులోంచి పోవడం లేదు.

"అకౌంట్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చానండీ, పంతొమ్మిది రోజులైంది. వేరేచోట శనివారంలోగా చెప్పమంటున్నారు, ఊరికే కనుక్కుందామని చేశాను" అన్నది ఆ అమ్మాయి. నేను మాటలు వెతుక్కుంటూ ఉండగానే "పర్వాలేదులెండి సార్" అని తానే ఫోన్ పెట్టేసింది.

వెంటనే హెచ్‌ఆర్ కుర్రాడిని పిలిచి అడిగాను. ఎంపికైనవాళ్ళకే కబురు పంపుతామనీ, మిగిలినవాళ్ళు తమంతట తామే అర్థం చేసుకుంటారనీ, ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతేననీ నింపాదిగా చెప్పాడు. ఒక మనిషిని పొరుగూరినుంచి రప్పించి, సర్టిఫికెట్ల జిరాక్సులు తీసుకుని, ఉదయం పదింటినుంచి మూడింటిదాకా కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళకు, ఉద్యోగం రాలేదన్న ఒక్క మాట చెప్పే తీరిక లేకపోవడం ఏం మర్యాదో నాకు బోధపడలేదు. సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోట్ రాస్తాం, చెల్లని చెక్కుకు బ్యాంకువాళ్ళు మెమో జతచేస్తారు. వెనక్కి పంపిన మనిషికి మాత్రం ఏ కాగితమూ లేదు.

1996లో డిగ్రీ కాగానే తెనాలినుంచి పాసింజరు బండెక్కి విజయవాడలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళాను. "ఫోన్ చేస్తాం" అన్నారు. మా ఇంట్లో ఫోన్ ఎక్కడిది? దరఖాస్తులో వీధి చివరి కిరాణా కొట్టు నంబరు రాసి, పక్కనే పి.పి. అని, అంటే ఫోన్ వస్తే నన్ను పిలిపించమని, చేర్చాను. ఇక రోజూ సాయంత్రం ఆ కొట్టుకు వెళ్ళడం, ఉత్త చేతులతో అడగడానికి మొహమాటపడి ఒక అగ్గిపెట్టె కొనడం, శెట్టిగారు చిల్లర ఇచ్చేదాకా ఆ నల్ల ఫోన్ వైపు చూస్తూ నిలబడడం. మూడో వారానికి నేను మెట్టెక్కకముందే ఆయన తల అడ్డంగా ఊపేవారు. ఇంట్లో పేరుకుపోయిన అగ్గిపెట్టెలు చూసి అమ్మ, నేను సిగరెట్లు మరిగానని అనుమానించి నాన్నకు చెప్పింది. ఆయన నన్ను ఏమీ అనకుండా చొక్కా వాసన చూశారు. ఆ కంపెనీవాళ్ళు ఈరోజుకీ ఫోన్ చేయలేదు.

ఇంతదూరం రాశాక, హెచ్‌ఆర్ కుర్రాడు చెప్పిన రెండో మాట దాచడం న్యాయం కాదు. "ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదండీ, మీ మార్కుల షీటు ఇంకా నాకు రాలేదు" అన్నాడు. అది నా సొరుగులోనే ఉంది.

ఆ షీటు పెట్టించిందే నేను. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస, ప్రతి అంశానికీ అక్కడికక్కడే ఐదుకు మార్కులు, ఆ తరువాతే చర్చ అని పట్టుబట్టాను. 1955 ప్రాంతంలో ఇజ్రాయెల్ సైన్యంలో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ ఇలాంటి పద్ధతే పెట్టాడు: ఆరు గుణాలకు విడివిడిగా మార్కులు వేయాలి. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నావని ఇంటర్వ్యూ చేసేవాళ్ళు తిరగబడితే, అన్నీ వేశాక చివర్లో కళ్ళు మూసుకుని మీకు తోచిన అంకె కూడా వేయండన్నాడట. ఆ అంకె కూడా బాగానే పనికొచ్చిందని తేలింది. ఇన్ని రోజులూ నేను దీన్నే సాకుగా పట్టుకున్నాను. మార్కుల్లో ఆ అమ్మాయికి ఇరవైకి పదిహేడు, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళలోనే ఒక తెనాలి కుర్రాడికి పదమూడు. నాకు తోచిన అంకె మాత్రం కుర్రాడిదే. నవ్వుతూ మాట్లాడతాడు, మా కాలేజీలోనే చదివాడు.

కానీ కానెమన్ కళ్ళు మూసుకోమన్నది చివర్లో. నేను తెనాలి పేరు వినగానే మూసేసుకున్నాను.

ఆ అమ్మాయి పరీక్ష కాగితం ఇందాక మళ్ళీ తీసి చూశాను. బ్యాంకు రీకన్సిలియేషన్‌లో, అంటే బ్యాంకు లెక్కతో మన పుస్తకం లెక్క సరిచూసే పనిలో, 9,540 చెక్కును కావాలనే 5,940గా ఎక్కించి పెట్టాం. 3,600 తేడా రాగానే, అంచున పెన్సిలుతో దాన్ని తొమ్మిదితో భాగించింది. ఒక సంఖ్యలో రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. ఇక్కడ శేషం లేదు కనుక అంకెలు తారుమారై ఉండవచ్చని పట్టుకుని, నేరుగా ఆ చెక్కు దగ్గరకు వెళ్ళింది. మా పాత హెడ్ క్లర్కు గారి తరువాత ఈ పని ఎవరూ చేయగా చూడలేదు. అటువంటి మనిషిని పట్టుకుని మా డైరెక్టరుగారు "పెళ్ళెప్పుడమ్మా?" అని అడిగారు. నియామకాల్లో ఆడామగా తేడా చూపరాదని 1976లోనే సమాన వేతన చట్టం చెప్పింది. షీటులో లేని ప్రశ్న అది; అనవలసినవాణ్ణి నేను, నీళ్ళు నమిలాను.

షీటు మీద సంతకం చేసి ఇప్పుడే ఫోటో తీసి పంపాను. శనివారానికి ఇంకా రెండు రోజులుంది. ఆమెకు పొద్దున్నే చేయాలి, వస్తుందో రాదో. మిగిలిన ఆరుగురికీ నేనే చేస్తానని హెచ్‌ఆర్ కుర్రాడికి చెప్పాను. జాబితాలో ఒక నంబరు పక్కన "మా అన్నయ్యది, సాయంత్రం ఆరు తరువాత" అని రాసి ఉంది.