పెన్సిల్‌కి ఒక మ్యూజియం

ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్‌కి అందరూ సరస్సులు చూడ్డానికి వెళ్తారు, నేను మాత్రం కెజిక్ అనే చిన్న ఊళ్లో ఉన్న డెర్వెంట్ పెన్సిల్ మ్యూజియం కోసమే పట్టుబట్టి వెళ్లా. 1981లో పెట్టారంట. లోపలికి వెళ్లే దారే గని సొరంగంలా కట్టారు, ఎందుకంటే కథంతా అక్కడి కొండల్లోనే మొదలైంది. 1500ల్లో దగ్గర్లోని బారోడేల్‌లో నల్లటి మెత్తటి రాయి దొరికితే గొర్రెలకి గుర్తులు పెట్టుకోడానికి వాడేవాళ్లంట. అదే గ్రాఫైట్. చాలాకాలం దాన్ని సీసం అనుకున్నారు, అందుకే ఇంగ్లిష్‌లో పెన్సిల్ ముల్లుని ఇప్పటికీ లెడ్ అంటారు, కానీ అందులో సీసం అసలుండదు, గ్రాఫైట్ అంటే ఉత్త కార్బనే. ఫిరంగి గుళ్ల అచ్చులకి కూడా వాడేవాళ్లు కాబట్టి దొంగతనాలు ఎక్కువై 1752లో దానికోసం చట్టమే తెచ్చారు!

దాదాపు 8 మీటర్ల పసుపు రంగు పెన్సిల్ ఒకటుంది, ఫొటోలన్నీ దాని దగ్గరే. నేను మాత్రం ఎక్కువసేపు నిలబడింది రెండో ప్రపంచ యుద్ధం నాటి చిన్న పెన్సిల్ ముందు. చూడ్డానికి మామూలుదే, కానీ లోపల సన్నగా చుట్టిన మ్యాప్, చివర రబ్బరు కింద బుల్లి దిక్సూచి. శత్రువుల చేతికి చిక్కిన విమాన సిబ్బంది తప్పించుకుని దారి వెతుక్కోడానికి రహస్యంగా చేసినవి. ఆ చీకట్లో దాన్ని విరిచి మ్యాప్ తీసుకునే మనిషి చేతులు ఎలా వణికుంటాయో అనుకుంటూ అక్కడే ఉండిపోయా.