నాలుగు నిమ్మచుక్కలు

ఆదివారం కదా అని లేటుగా లేచి ఏసీ ఆపి బెడ్రూం కిటికీలు తీశా, పది నిమిషాల్లో నేలంతా చెమటలు పట్టేసింది, అడుగేస్తే అచ్చు పడుతోంది. వైజాగ్‌లో ఆగస్టంటే ఇంతే, రాత్రంతా ఏసీకి చల్లబడ్డ బండ మీదకి ఈ ఉక్క గాలొచ్చి తగిల్తే నీళ్ళు కాక ఇంకేం మిగుల్తుంది. "ఒరే, తడిగుడ్డ కాదు, పొడిగుడ్డ పెట్టరా" అని అమ్మ వంటింట్లోంచే కేకలు.

అసలు గొడవ హాల్లో. మొన్న శ్రావణ శుక్రవారం పులిహోరకి అమ్మ అక్కడే కింద కూచుని నిమ్మకాయలు పిండింది, నాలుగు చుక్కలు మార్బుల్ మీద పడితే ఎవరం చూసుకోలా. ఇవాళ ఎండ ఏటవాలుగా పడేసరికి బయటపడ్డాయి. రూపాయి బిళ్ళంతేసి, మెరుపు పోయి సుద్దలా ఉన్నాయి, వేలు పెడితే కాస్త గరుగ్గా కూడా తగుల్తోంది. అమ్మ సబ్బుపొడి వేసి తోమింది, పోలా. పక్కింటి ఆంటీ వచ్చి బాత్రూం యాసిడ్ కొంచెం నీళ్ళలో కలిపి పొయ్యమంది, దణ్ణం పెట్టి ఆపా. మార్బులూ సున్నపురాయి జాతే కదా, పులుపు తగిలితే కరుగుద్ది, అది మరక కాదు ఆంటీ, నిమ్మకాయ కొరికేసిన చోటు, యాసిడ్ పోస్తే నేలే పోద్ది అన్నా.

మరి వంటింటి గట్టు మీద రోజూ పిండుతున్నా కదా దానికేం కాలేదే అని అమ్మ పాయింటు. అది చీమకుర్తి గెలాక్సీ, నల్లరాయిలో బంగారు చుక్కలుండేది, నిమ్మకాయకి అంత తేలిగ్గా లొంగదు. దాని జబ్బు వేరు, కుళాయి చుట్టూ బోరు నీళ్ళ తెల్లచారలు.

బాల్కనీలో కడప బండ మీద తెల్లపొడి మళ్ళీ తేలింది. ఇన్నాళ్ళూ బకెట్లు బకెట్లు నీళ్ళు కొట్టి కడిగా, ఆ తెల్లపొడి ఉప్పే, నీళ్ళు పోస్తే కరిగి రాతిలోకే దిగుద్ది, ఆరాక మళ్ళీ పైకొస్తది, బుద్ధి తక్కువ పని. ఈసారి పొడి బ్రష్‌తో ఊడ్చి చేటలోకి ఎత్తేశా.

పాలిష్ మేస్త్రీకి ఫోన్ చేస్తే నాలుగు చుక్కలకి మెషిన్ ఏం తెస్తాం సార్, హాలంతా చేయిస్తే చెప్పండి, అదీ వానలు తగ్గాక అన్నాడు. సరే చూద్దాం అని పెట్టేసి వెనక్కి తిరిగితే ఆ చుక్కల మీద అమ్మ పీట వేసేసింది, దాని మీద సాయంత్రం పచ్చడికని నిమ్మకాయల బుట్ట.